సర్టిఫికెట్లు లెక్కపెట్టడం ఆపండి, పిల్లల్ని పది నిమిషాలు మాట్లాడనివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్ల అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

నేను గుంటూరు వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. పాఠాలతో పాటు మా కాలేజీ ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) వ్యవహారాలు కూడా ఎనిమిదేళ్లుగా నా నెత్తినే ఉన్నాయి. పిల్లలు నన్ను ‘స్పాక్ మేడం’ అంటారు; స్పాక్ అంటే ఆ కోర్సుల వాళ్లతో కాలేజీ తరఫున మాట్లాడే ఏకైక మనిషి. రిజిస్ట్రేషన్లు చేయించడం, బుధవారం రాత్రి పదకొండింటికి ‘అసైన్‌మెంట్ పెట్టారా లేదా’ అని వాట్సాప్ గ్రూపులో అరవడం, పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు కట్టలేనివాళ్ల కోసం ఆఫీసులో బతిమాలడం, పరీక్ష రోజు కేంద్రానికి బస్సు మాట్లాడటం ఈ ఉద్యోగంలో భాగాలు.

మొదట ఒక అబ్బాయి సంగతి చెబుతాను.

పోయిన ఏడాది ప్లేస్‌మెంట్లకు ముందు మాక్ ఇంటర్వ్యూలు పెట్టుకున్నాం. ఫైనలియర్ కుర్రాడొకడు పెళ్లి ఆల్బమంత ఫైలు పట్టుకొచ్చాడు. ఒక్కో సర్టిఫికెట్‌కి ఒక్కో ప్లాస్టిక్ కవరు. లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి. అందులో నాలుగు మెషీన్ లెర్నింగ్ మీదే. “నీ మోడల్ ట్రైనింగ్ డేటా మీద 99 శాతం కరెక్టుగా చెబుతోంది. కొత్త డేటా ఇస్తే 60కి పడిపోతోంది. ఏమై ఉంటుంది?” అని అడిగాను. ఈ సబ్జెక్టులో ఇది ‘మీది ఏ ఊరు’ లాంటి ప్రశ్న. జవాబు ఓవర్‌ఫిటింగ్, అంటే మోడల్ నేర్చుకోకుండా చూసిన డేటాను బట్టీ పట్టేయడం. వాడు ఫ్యాను వైపు చూశాడు. “తెలుగులో చెప్పరా, పర్లేదు” అన్నాను. తెలుగులోనూ రాలేదు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. “వీడియోలు మ్యూట్‌లో పెట్టి డబుల్ స్పీడులో వదిలేసేవాణ్ని మేడం. క్విజ్‌లు ఏఐ చేసేది. మీరు అడిగింది సర్టిఫికెట్టే కదా?”

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆ ఇరవై మూడు కాగితాలూ మా కాలేజీ రిపోర్టులో ఇరవై మూడు అంకెలుగా ఎక్కేశాయి. ఎక్కించింది నేనే. అందులో నువ్వేం నేర్చుకున్నావని వాణ్ని అంతవరకు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

దూరాన్నుంచి చదువుకోవడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది హైదరాబాదులోనే, 1982లో. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి మొదటి ఉపకులపతిగా పనిచేసిన జి. రాంరెడ్డి గారినే ఆ తర్వాత 1985లో ఢిల్లీకి పిలిచి ఇగ్నో అప్పగించారు. మా పెద్దమ్మ కూతురు పెళ్లయ్యాక అక్కడే బీఏ చేసింది. పుస్తకాలు పోస్టులో వచ్చేవి. ఆదివారం ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసులుండేవి. అక్క చంటిపిల్లను మా అమ్మ దగ్గర వదిలి బస్సెక్కేది. అక్కడి ఎకనామిక్స్ సారు పుస్తకం మూయించి, “చదివావుగా, ఏముందో నీ మాటల్లో చెప్పమ్మా” అనేవారట. ఇప్పటికీ అక్క ఆ సారును తలుచుకుంటుంది. పుస్తకంలో ఏముందో మాత్రం మర్చిపోయానంటుంది, అది వేరే సంగతి.

పాఠం ఎంత దూరాన్నుంచి వచ్చినా, నేర్చుకున్నదాన్ని అప్పజెప్పించుకునే మనిషి దగ్గర్లో ఉండాలని ఆ రోజుల్లోనే మనవాళ్లకు తెలుసు. పోస్టు పోయి ఇంటర్నెట్ వచ్చాక ఆ మనిషిని మెల్లమెల్లగా తీసేశాం.

ఎన్‌పీటెల్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆ పాఠాలు లేకపోతే మాలాంటి కాలేజీల్లో చాలా సబ్జెక్టులు చెప్పేవాళ్లే ఉండేవారు కాదు. నేను కంపైలర్ డిజైన్ చెప్పిన మొదటి ఏడాది, ముందు రోజు రాత్రి ఆ వీడియోలు చూసి మర్నాడు క్లాసుకి వెళ్లేదాన్ని. ఈ మాట బయటకు చెప్పుకోని మాస్టార్లు రెండు రాష్ట్రాల్లోనూ చాలామందే ఉంటారు.

2011లో స్టాన్‌ఫర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ ఏఐ కోర్సును అందరికీ తెరిస్తే లక్షా అరవై వేల మంది చేరారు. ఆ మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు పుట్టాయి. ఇక కాలేజీలు మూతపడతాయని జోస్యాలు చెప్పినవాళ్లూ ఉన్నారు. అదేమీ జరగలేదు. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్‌లో పెట్టిన కోర్సుల లెక్కలు తీసిన పరిశోధన ఒకటి 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 2017–18లో ఆ కోర్సుల్లో చేరినవాళ్లలో చివరిదాకా నిలిచింది మూడు శాతం చిల్లర. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తిచేశారు.

ఆ రెండో అంకె చెప్పే నిర్ణయానికి మనం అంతకుముందే వచ్చేశాం. పిల్లలు చివరిదాకా చదవాలంటే ముందర ఏదో ఒకటి వేలాడదీయాలి, మన దగ్గర అది క్రెడిట్, అంటే డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు. కేంద్రం నడిపే ‘స్వయం’ ఆన్‌లైన్ వేదిక కోర్సులకు సెమిస్టర్‌లో 20 శాతం దాకా క్రెడిట్ ఇవ్వొచ్చని యూజీసీ 2016లో అంది, 2021లో దాన్ని 40కి పెంచింది. కాలేజీల నాణ్యతను తూచే న్యాక్ ఫారాల్లో ఆన్‌లైన్ కోర్సుల గడులు వచ్చాయి. గడి ఉందంటే కాలేజీ నింపుతుంది. ఎంత నింపితే అంత మంచిదంటుంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చేనాటికి మనం ఇక్కడున్నాం.

కాపీ అప్పుడే మొదలైందని నేననను. అంతకు ముందు కూడా వారం అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో దొరికేవి, యూట్యూబ్‌లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో సహా దొరికేవి. కాకపోతే ఎవరో ఒకరు చేస్తే మిగతావాళ్లు ఎత్తి రాసేవాళ్లు. ఆ ఒక్కడైనా నేర్చుకునేవాడు. ఇప్పుడా ఒక్కడి అవసరం కూడా లేదు. మొన్న సెకండియర్ పిల్లాడు నాకే చూపించాడు: బ్రౌజర్‌కి ఒక్క మాట చెబితే అదే వీడియో తిప్పుకుంటుంది, అదే క్విజ్ బటన్లు నొక్కుకుంటుంది, చర్చల్లో ‘చాలా బాగుంది, ధన్యవాదాలు’ అని అదే రాస్తుంది. ఇంకొన్ని కోర్సుల్లో ఒకరి అసైన్‌మెంట్ ఇంకొకరు దిద్దాలి. యంత్రం రాసినదాన్ని యంత్రంతోనే దిద్దిస్తున్నారు. మధ్యలో పిల్లలిద్దరూ క్యాంటీన్లో ఉన్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్‌లో అసైన్‌మెంట్ల వాటా 25, పరీక్ష వాటా 75. పరీక్ష కేంద్రానికి వెళ్లి, ఇన్విజిలేటర్ ముందు కూర్చుని రాయాలి. 75కి కనీసం 30 రావాలి. అందులో ఇంకా కొంత నిజం మిగిలి ఉందంటే ఈ హాలు పరీక్ష వల్లే. ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టకుండా, ఇంట్లో మంచం మీద నుంచే సంపాదించగల సర్టిఫికెట్‌కీ దీనికీ మన ఫారాల్లో ఒకటే గడి ఉంది. అది మొదట విడదీయండి.

ఏఐని ఆపేయండి అని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అడిగినా అయ్యే పని కాదు. 2025లో ఎయిర్‌టెల్ తన కస్టమర్లకు పర్‌ప్లెక్సిటీ ఏడాది ఉచితమంది. జియో జెమినిని 18 నెలలు ఉచితమంది. నవంబరు నుంచి చాట్‌జీపీటీ గో కూడా మన దేశంలో ఏడాది పాటు ఉచితమన్నారు. రీఛార్జ్‌తో పాటు వచ్చేదాన్ని కాలేజీ గేటు దగ్గర ఆపగలమా?

ఆపకూడదు కూడా. ఎందుకో చెప్పడానికి ఇంకో పిల్ల సంగతి చెప్పాలి.

పల్నాడు పిల్ల, పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి ఏడాది క్లాసులో ఒక్కసారీ నోరు తెరిచిన పాపాన పోలేదు. రెండో ఏడాది ఒకరోజు స్టాఫ్ రూమ్ బయట నిలబడింది. రికర్షన్ (ఒక ప్రోగ్రాం తనను తానే మళ్లీ పిలుచుకోవడం) తనకు అర్థమైందో లేదో చూడమంది. “రేషన్ షాపు క్యూలో నిలబడ్డాం మేడం. నా ముందు ఎంతమంది ఉన్నారో తెలీదు. నా ముందున్నావిడను అడిగాను, ‘మీ ముందు ఎంతమంది’ అని. ఆవిడ తన ముందున్నాయన్ని అడిగింది. అలా అడుక్కుంటూ పోతే కౌంటర్ దగ్గరున్నాయన ‘నా ముందు ఎవరూ లేరు, సున్నా’ అంటాడు. ఇక వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కొక్కళ్లూ ఒకటి కలిపి వెనకవాళ్లకు చెబుతారు. నా దగ్గరికొచ్చేసరికి లెక్క తేలుతుంది.”

ఎక్కడ నేర్చుకున్నావంటే ఫోన్ చూపించింది. రాత్రి ఒంటిగంట దాకా తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ ఏఐతో వాదించింది. ఎన్‌పీటెల్ వీడియోలో ప్రొఫెసర్ గారి ఇంగ్లీషు అందక, ఆ ముక్కే తెచ్చి ‘ఇది తెలుగులో చెప్పు, మా ఊళ్లో ఉదాహరణ చెప్పు’ అని అడిగింది. ‘జవాబు చెప్పకు, సగం చెప్పి ఆపు’ అని కూడా రాసింది. అదెందుకమ్మా అంటే, “మొత్తం చెప్పేస్తే నాకు నిద్రొచ్చేస్తుంది మేడం” అంది.

మరి నా దగ్గరికెందుకొచ్చినట్టు? ఏఐ మొదట కౌంటర్ దగ్గరాయన చేత ‘ఒకటి’ అనిపించింది. కాదు, సున్నా అని ఈ పిల్ల అంటే వెంటనే క్షమాపణ చెప్పి సున్నా అంది. ఈ పిల్లకు అనుమానమొచ్చి, కావాలనే ‘కాదు, రెండు’ అంది. ఏఐ దానికీ అవునంది. “నేనేమంటే దానికి తలూపుతోంది మేడం. అందుకే మీ దగ్గరికొచ్చా.”

అధ్యక్షులు గారూ, ఇంతకంటే స్పష్టంగా నేను చెప్పలేను. పదేళ్ల కిందట ఆ పిల్లకు రాత్రి ఒంటిగంటకు తెలుగులో డౌటు తీర్చే దిక్కు లేదు. ఇప్పుడుంది. ఆ దిక్కు తప్పు చెప్పినప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి మీ నిబంధనల్లో చోటు లేదు, మా టైంటేబుల్‌లోనూ లేదు.

నేను చెప్పిన ఇద్దరు విద్యార్థుల కథతోనే విధానాలు మార్చమనడం లేదు. తుర్కియేలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లల మీద లెక్కల క్లాసులో చేసిన ప్రయోగం 2025లో అమెరికా నేషనల్ అకాడమీ పత్రికలో అచ్చయింది. కొందరికి మామూలు చాట్ ఏఐ ఇచ్చారు. కొందరికి జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపేలా మలిచింది ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. సాధన చేసేటప్పుడు మొదటి జట్టు 48 శాతం, రెండో జట్టు 127 శాతం మెరుగ్గా చేశాయి. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్ వాడినవాళ్లు, అసలేమీ వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. దారి చూపే రకం వాడినవాళ్లకు ఆ దెబ్బ చాలా వరకు తగల్లేదు. పరికరం ఒకటే, వాడిన తీరు వేరు. మా ఫైలు కుర్రాడూ రేషన్ క్యూ పిల్లా అదే ప్రయోగంలో చెరో జట్టు.

ఇక అసలు అడగదలచుకున్నది. ఏ ఆన్‌లైన్ కోర్సుకైనా క్రెడిట్ ఇచ్చే ముందు ఆ విద్యార్థిని మా ఎదుట కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించే వైవాను తప్పనిసరి చేయండి. కాగితం లేదు, ఫోన్ లేదు. బోర్డు, సుద్దముక్క చాలు. తెలుగులో చెప్పే హక్కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఉర్దూలో చెబుతానంటే ఉర్దూలో చెప్పనివ్వండి. మనం చూడాల్సింది వాడికి ఓవర్‌ఫిటింగ్ తెలుసా లేదా అని. ఇంగ్లీషు సంగతి ఇంకో రోజు చూసుకుందాం.

టైమెక్కడుందని మా ప్రిన్సిపాల్సే ముందు అడుగుతారు. లెక్క వేసే ఈ మాట అంటున్నాను. మా బ్రాంచిలో ఒక ఇయర్‌కి 180 మంది. మనిషికి పది నిమిషాలంటే 1,800 నిమిషాలు, ముప్పై గంటలు. నలుగురం పంచుకుంటే ఒక్కొక్కరికి ఏడున్నర గంటలు. సెమిస్టర్ మొత్తానికి ఒక్క పనిదినం. ఇరవై మూడు సర్టిఫికెట్లు స్కాన్ చేసి, పేరు మార్చి, డ్రైవ్‌లో ఎక్కించి, లింకులు ఎక్సెల్‌లో పెట్టడానికి నాకు ఇంతకంటే ఎక్కువ పట్టింది.

రెండో అభ్యంతరం మీరే అంటారు: బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చే ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్ ఎలా జరుగుతాయో మాకు తెలీదా అని. తెలుసు. వచ్చినాయనకు మంచి భోజనం, పిల్లలందరికీ మంచి మార్కులు. ఈ వైవా కూడా అలా అయ్యే ప్రమాదం ఉంది, దాచను. అందుకే పక్క కాలేజీ టీచరు ఒకరుండాలి. పిల్లల ఒప్పుకోలుతో మాటలు రికార్డు చేయాలి. ఏటా కొన్ని రికార్డులు లాటరీ తీసి మీరు వినాలి. వింటారన్న భయం ఉంటే చాలు, సగం దారిలో పడుతుంది. మిగతా సగానికి నా దగ్గర మందు లేదు.

పనిలో పనిగా ఫారాల్లోంచి ‘ఎన్ని సర్టిఫికెట్లు’ అన్న గడి తీసేయండి. నిబంధనలు యూజీసీవి, గ్రేడ్లు న్యాక్‌వి, మా చేతిలో ఏముందంటారేమో. ఏ కోర్సు తీసుకోవాలి, తమ రెగ్యులేషన్లలో ఎలా ఇమడ్చాలి అన్నది యూనివర్సిటీల, అటానమస్ కాలేజీల అకడమిక్ కౌన్సిళ్లు తేల్చుకునేదే. మీ నుంచి ఒక సర్క్యులర్ వస్తే అవి కదులుతాయి. మీ సర్క్యులర్లకు మేమెంత వేగంగా కదులుతామో మీకు తెలియంది కాదు.

ఆన్‌లైన్ కోర్సుకు వారానికి ఒక గంట టైంటేబుల్‌లో వేయించండి, ఆ గంటను టీచరు వర్క్‌లోడ్‌లో కలపండి. ఇప్పుడు ‘కోర్సు ఆన్‌లైన్‌లో ఉందిగా, టీచరెందుకు’ అని ఆ సబ్జెక్టు పోస్టే ఎత్తేసే తెలివి కొన్ని యాజమాన్యాలకు వచ్చింది. ఆదివారం స్టడీ సెంటర్లో మా అక్కను పుస్తకం మూయించి అడిగిన సారు ఉన్నారే, ఆయన జీతమే మొదట మిగుల్చుకుంటున్నారు.

ప్లాట్‌ఫాంలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు కాస్త గట్టిగా బేరమాడండి. ఈ కంపెనీలేవీ కొండలు కావు. 2021లో 80 కోట్ల డాలర్లు పోసి ఎడెక్స్‌ను కొనుక్కున్న టూయూ అనే అమెరికా కంపెనీ 2024 జులైలో దివాలా పిటిషన్ వేసింది. చాట్‌జీపీటీ వల్ల కొత్త చందాదారులు తగ్గుతున్నారని, హోంవర్కుకు సాయం చేసే చెగ్ కంపెనీ అధిపతి 2023 మేలో నోరుజారగానే ఆ కంపెనీ షేరు ఒక్కరోజులో దాదాపు సగానికి పడిపోయింది. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ కట్టిన బైజూస్ రెండేళ్లకు దివాలా కోర్టు మెట్లెక్కింది. కంపెనీ మునిగినా మన పిల్లల రికార్డు మన దగ్గరుండాలి. వాళ్లు ఏ రాత్రి ఏం అడిగారో, ఎక్కడ తప్పారో చెప్పే చాట్లు ఎవరికీ అమ్ముడుపోకూడదు. కోర్సుతో పాటు ఇచ్చే ఏఐ ట్యూటరు జవాబు పెట్టే రకమా, దారి చూపే రకమా అన్నది సంతకానికి ముందే అడగాలి. ఇవన్నీ మీ లాయర్లకు నాకంటే బాగా తెలుసు.

తెలుగు గురించి ఒక మాట, ఇది నాకు కొంచెం మంట పుట్టించే విషయం. పాఠాలను ఏఐతో తెలుగులోకి మార్చే పనులు ఇప్పుడు జోరుగా నడుస్తున్నాయి. ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ వాళ్లు, కేంద్రం తరఫున భాషిణి, ఏఐసీటీఈ అనువాదిని, అందరూ కష్టపడుతున్నారు. సంతోషమే. కానీ నేను వాడి చూసిన ఒక అనువాదంలో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ‘లూప్’ని ‘ఉచ్చు’ అన్నారు, అక్షరాల వరుసైన ‘స్ట్రింగ్’ని ‘తీగ’ అన్నారు. ఆ పేజీ మా పిల్లలకిస్తే ఇంగ్లీషే నయమన్నారు. ‘లూప్ పదిసార్లు తిరుగుతుంది, ఐ విలువ పది దాటగానే బయటికొచ్చేస్తుంది’ అనేదే మా క్లాసు తెలుగు. అమీర్‌పేటలో ఇన్నేళ్లుగా జావా చెప్పిన తెలుగూ అదే. పేర్లు ఇంగ్లీషువి, నడక తెలుగుది. జిరాక్స్ నోట్సులో, మాస్టార్ల నోళ్లలో ఉండిపోయిన ఆ భాషను ఎవరూ పోగుచెయ్యలేదు, నిఘంటువులకు అది ఆనలేదు. మండళ్లు పూనుకుని వందమంది టీచర్ల క్లాసులు, వాళ్లు ఒప్పుకుంటే, రికార్డు చేయించి ఈ అనువాద బృందాల చేతిలో పెడితే యంత్రం కూడా ఉచ్చులోంచి బయటపడుతుంది.

మీ సర్క్యులర్ వచ్చేదాకా ఎదురు చూసే ఓపిక మాకు లేదు. ఈ సెమిస్టర్ చివర మా బ్రాంచిలో నలుగురం టీచర్లం అనుమతి ఉన్నా లేకపోయినా ఈ వైవా పెట్టబోతున్నాం. మార్కులుండవు, క్రెడిట్‌తో సంబంధం లేదు. పిల్లలకు ముందే చెప్పేశాం. కొందరు గొణిగారు. రేషన్ క్యూ పిల్ల ఇప్పుడు థర్డియర్, తన పేరు మొదటే రాసుకుంది. ఇరవై మూడు సర్టిఫికెట్ల కుర్రాడు పాసైపోయి హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మొన్న ఫోన్ చేసి తానూ రావచ్చా అని అడిగాడు, ఓవర్‌ఫిటింగ్ చదివాడట. రమ్మన్నాను.

మీలో ఒకరైనా వచ్చి ఒక పూట కూర్చోండి. ముందుగా చెప్పనవసరం లేదు. పూలబొకే, బ్యానర్, శాలువా ఏవీ ఉండవు. రెండో అంతస్తులో ల్యాబ్ పక్క గది, మధ్యాహ్నం రెండింటి నుంచి. ఫ్యాను కొంచెం శబ్దం చేస్తుంది.

ఇట్లు,
ఒక స్పాక్ మేడం,
గుంటూరు వైపు నుంచి